ఎనిమిదో నెల పిల్ల

మొన్న మధ్యాహ్నం ఆశా కార్యకర్త పక్కింటి కోడలిని చూడడానికి వచ్చి, పోతూ పోతూ మా గడప మీద కూర్చుంది. ఎండలో తిరిగి ముఖం కందిపోయింది. చెంబెడు నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఇప్పుడు ఇంట్ల కనేటోళ్లే లేరు పెద్దమ్మా. నొప్పులు మొదలైతున్నయంటెనే బండొస్తది, జహీరాబాదు దవాఖానకు తోల్కపోతరు. ఎనకట మీరంత ఇండ్లల్లనే ఎట్ల కన్నరో ఏమో! యాది జేస్కుంటెనే భయమైతది" అంది.

"భయపడుకుంటనే కన్నం బిడ్డా" అన్నాను.

ఆమె నవ్వింది. వీధి చివర షేర్ ఆటో హారన్ వినబడగానే సంచీ భుజానికేసుకుని ఉరికింది. నేను మాత్రం ఖాళీ చెంబు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఎట్లా కన్నారని అడిగింది గాని, జవాబు వినేంత తీరిక ఆ పిల్లకు లేదు. నాకేమో ఆ చలికాలమంతా కళ్ల ముందుకు వచ్చేసింది.

మా ఊరు ఝరాసంగం దారిలో, జహీరాబాదుకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. నల్లరేగడి నేల. జొన్న, కంది, శనగ. బావి ఉన్నవాళ్లకు ఇంత చెరుకు, ఇంత ఆలుగడ్డ. బస్సు మట్టిరోడ్డు దాకా వచ్చేది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. ఇంట్లో అమ్మ, నాయన, నాయనను కన్న మా అవ్వ, నేను. గోడకు అవతలి సగంలో పెదనాయన కాపురం. అక్కను అంతకు ముందటేడే రాయికోడ్ వైపు ఇచ్చారు. చలి మొదలవుతూనే తొలికాన్పుకని మా ఇంటికి తీసుకొచ్చారు.

అక్క రాకతో ఇంటి వాసనే మారిపోయింది. అవ్వ శొంఠి, పిప్పళ్లు, వాము దంచి జల్లెడ పట్టింది. గోందు, అదే తుమ్మబంక, నెయ్యిలో వేస్తే పేలాల్లా పొంగేది. దాన్ని చిదిమి, ఎండుకొబ్బరి, నువ్వులు, బెల్లం కలిపి బాలింతకు పెట్టే లడ్డూలు కట్టింది. ఇంకా నెలలు నిండలేదు, అప్పుడే ఎందుకని అమ్మ అడిగితే, "పిల్ల ఏడ్సినంక పొయ్యి ముట్టిస్తమా?" అని కసిరింది.

ఆ లడ్డూలు ఇత్తడి గంజులో పెట్టి ఉట్టి మీదికి ఎక్కించింది. జొన్నల గుమ్మి అంచు మీద నిలబడితే ఉట్టి అందుతుందని నేను మర్నాడే కనిపెట్టాను. గంజు ఖాళీ అవుతున్నకొద్దీ అవ్వ పిల్లిని తిట్టేది. తిట్టేది పిల్లిని, చూసేది నన్ను. "ఈ పిల్లికి రెండే కాళ్లున్నట్టున్నయి" అనేది. అక్క నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేది. ఆమె నవ్వితే కడుపు కూడా కదిలేది. నేను దాని మీద చెవి ఆనించి, లోపలి పిల్లకు కూడా నా దొంగతనం తెలిసిపోయిందా అని వినేదాన్ని.

మా అవ్వ మనసు మెత్తనిదే. అంటు, ముట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బండరాయి. కూలికి వచ్చిన, ఊరి బయటి చర్చి వాడ ఆడవాళ్లకు కడుపునిండా అన్నం పెట్టేది, పశువుల కొట్టంలో కూర్చోబెట్టి. తాగడానికి నీళ్లిచ్చేది, పైనుంచి వాళ్ల దోసిట్లోకి పోసి. అందులో వింతేమీ నాకు కనిపించేది కాదు. వాన పైనుంచి పడ్డట్టే వాళ్లకు నీళ్లూ పైనుంచే పడతాయి అనుకునేదాన్ని.

ఊరి మంత్రసాని ఉండేది కూడా ఆ వాడలోనే. అక్కను, నన్ను, మా పెదనాయన పిల్లలను, అందరినీ ఆమె చేతులే నేల మీదికి దించాయి. పురుటి దినాల్లో ఇల్లంతా ఎట్లాగూ అంటులోనే ఉంటుంది కాబట్టి ఆమె లోపలి గది దాకా రావచ్చు. పురుడు వెళ్లి ఇల్లు అలికారంటే మళ్లీ ఆమె చోటు వాకిలే.

ఆ రోజు పొద్దున అమ్మ కందికాయలు ఉప్పు వేసి ఉడకబెట్టింది. అక్కా నేనూ ఎండలో చాప వేసుకుని ఒలుచుకు తింటున్నాం. ఉడికిన కందికాయల వాసన తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా తెలియదు. అక్క ఒక కాయను నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయింది. "అమ్మా" అని పిలిచింది, గట్టిగా కూడా కాదు. చూస్తుండగానే చాప తడిసింది.

"అయ్యో, ఎనిమిదో నెలే గదనే!" అంటూ అమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది.

ఏడో నెలలో పుట్టిన పిల్ల బతుకుతుందిగాని ఎనిమిదో నెలలో పుట్టింది నిలవదని మా వైపు అనేవారు. ఎందుకో ఎవరికీ తెలియదు, కానీ అందరూ అనేవారు.

నన్ను మంత్రసాని కోసం పరుగెత్తించారు. ఆమె వచ్చి, చేతులు కడుక్కుని, గుమ్మి ఉన్న గదిలోకి అక్కను తీసుకుపోయి తలుపు వేసింది. నేను బయట పొయ్యి కింద కట్టెలు ఎగదోస్తూ కూర్చున్నాను. పొద్దు నడినెత్తికి రాకముందే పిల్లికూన అరిచినట్టు సన్నని ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. నాయన చెప్పు ఎంత ఉంటుందో అంత ఉంది. చర్మం కింద నరాలు నీలంగా కనిపిస్తున్నాయి. అవ్వ ఆ పిల్లను కొత్త బొంత కోసం ఏకి పెట్టిన దూదిలో చుట్టి, తన చీర లోపల రొమ్ముల మధ్య పెట్టుకుని కొంగు కప్పేసింది.

అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ తలుపు మళ్లీ మూసుకుంది. చాలాసేపటికి మంత్రసాని బయటికి వచ్చింది. మోచేతుల దాకా రక్తం. వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది.

"పెద్దమ్మా, పిల్ల వడ్డది గని మాయ వడ్తలేదు. నెత్తురు ఆగుతలేదు. నేను గుంజను. గుంజితె పానం పోతది. ఇది నా చేతుల లేదు. దవాఖానకు తీస్కపోండ్రి."

"ఇందరికి పురుడు వోసినదానివి, నువ్వే గిట్లంటె ఎట్లనే?" అంది అవ్వ.

"ఇందరికి పోసిన గన్కనే అంటున్న. నిలవడకుండ్రి, జల్ది తీస్కపోండ్రి."

ఇప్పటికీ ఆ ముసలామెను తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. ఇంకాసేపు చూద్దామని ఆమె అని ఉంటే మేం చూసేవాళ్లమే. ఆమె మాటకు మా ఊళ్లో తిరుగులేదు. తన చేత కాదన్న ఒక్క మాట ఆమె సమయానికి అనగలిగింది.

నాయన రోడ్డుకు ఉరికాడు. ఎడ్లబండి కడితే సాయంత్రమవుతుంది. అది చెరుకు కొట్టే కాలం. ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్ ఒకటి నిండా చెరుకు వేసుకుని అటే వస్తోంది. నాయన దానికి అడ్డం నిలబడ్డాడు. నడిపే అతనిది కోహీర్. తల మీద తెల్ల టోపీ. సంగతి విని, ఇంజను ఆపకుండానే దూకాడు.

"ఫికర్ జెయ్యకు అన్నా, బిడ్డను తే పో" అని, వెనక ట్రాలీ మీద కూర్చున్న చెరుకు కొట్టేవాళ్లకు మరాఠీలో ఏదో కేక వేశాడు.

వాళ్లు మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు. తెల్లవారకముందు నుంచి కొట్టి, కట్టలు కట్టి, ఎత్తిన చెరుకు అది. ఒక్కరు కూడా మారుమాట అనలేదు. కట్టలన్నీ రోడ్డు పక్కకు విసిరేశారు. వాళ్ల ఆడవాళ్లు చెరుకు ఆకు దట్టంగా పరిచి, తాము రాత్రి కప్పుకునే బొంతలు దాని మీద వేశారు. మా అక్కను మంచంతో పాటు మోసుకొచ్చి అందులోకి దించారు. ఆమె ముఖం పిండిలా తెల్లబడిపోయింది. ఒక కూలీ స్త్రీ పిలవకుండానే ఎక్కి, అక్క తలను తన ఒళ్లో పెట్టుకుంది.

పిల్లను కూడా తీసుకుపోదామని అమ్మ చేతులు చాపింది. అవ్వ ఇవ్వలేదు.

"ఈ సలిగాలిల ఇది ఊరు గూడ దాటదు. నువ్వు నీ బిడ్డను జూస్కో, నీ బిడ్డ బిడ్డను నేను జూస్త" అంది.

అమ్మ, నాయన అక్కతో వెళ్లిపోయారు. ట్రాక్టర్ దుమ్ములో కలిసిపోయాక ఇంట్లో అవ్వ, నేను, అవ్వ చీరలో దాగిన ఆ పిల్ల మిగిలాం. మర్నాడు నాయన వచ్చి, జహీరాబాదులో మాయ తీశారని, ఒంట్లో నెత్తురు లేదని అక్కణ్నుంచి బీదర్ పంపారని, అక్కకు ఇంకా తెలివి సరిగా రాలేదని చెప్పి, బట్టలు మూట కట్టుకుని మళ్లీ పరుగెత్తాడు.

అవ్వ ఆ పిల్లను ఒక్క క్షణం కింద పెట్టేది కాదు. గదిలో కుంపటి, కుంపటి పక్కన అవ్వ. ఆమె బహిర్భూమికి పోవాల్సి వచ్చినప్పుడు మాత్రం నన్ను గోడకు ఆనుకుని కూర్చోమని, నా గౌను గుండీలు విప్పి, పిల్లను నా ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి దుప్పటి కప్పేది. "నువ్వు ఊపిరి తీస్తుంటె అది గూడ తీస్తది. నిద్రవోకు" అని చెప్పి పోయేది. నా గుండె మీద ఇంకో గుండె, పిచ్చుక గుండెలాంటిది, టకటకమని కొట్టుకునేది. నేను కదలడానికి కూడా భయపడేదాన్ని.

వెచ్చదనం ఇవ్వగలిగాంగాని పాలు ఎక్కడివి? దూదివత్తిని చక్కెర నీళ్లలో ముంచి పెదవుల మీద పిండాం. మేకపాలు పలచన చేసి పోస్తే కక్కేసింది. రెండో రోజుకు ఏడవడం కూడా మానేసింది. చూడడానికి వచ్చిన ఆడవాళ్లు వాకిట్లోనే నిలబడి, "ఎనిమిదో నెల పిల్ల గద" అని నాలుక చప్పరించి పోయేవారు. అవ్వ వినీ విననట్టు ఉండేది.

మంత్రసాని వచ్చి పిల్ల పెదవులు వేలితో తాకి చూసింది. "కడుపుల పాలు వడాలె పెద్దమ్మా. మనిషి పాలే కావాలె. మీ వీధిల ఇప్పుడు బాలింతలు లేరు" అంది. నేల వైపు చూస్తూ, "నా కోడలికి ఉన్నయి. కొడుకుకు ఐదో నెల. గని నేను ఆమెను అడగను. నువ్వు అడుగమని గూడ చెప్పను" అని లేచి వెళ్లిపోయింది.

అవ్వ కుంపటిలోకి చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, పిల్ల చుట్టూ కొంగు బిగించి కట్టుకుని, "పావే" అంది నాతో.

పట్టపగలు మా అవ్వ చర్చి వాడకు నడిచిపోతుంటే వీధిలో అరుగుల మీది మాటలు ఆగిపోయాయి. ఆమె ఆ వాడలో అంతకు ముందు ఎన్నడూ అడుగు పెట్టలేదు. నేనూ పెట్టలేదు. శుభ్రంగా ఊడ్చి చల్లిన వాకిళ్లు, సున్నం కొట్టిన గోడల మీద శిలువ గుర్తులు. మంత్రసాని కోడలు వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె చేస్తోంది. పక్కన చీర ఉయ్యాలలో ఆమె కొడుకు. అవ్వను చూసి లేచి నిలబడి కొంగు సర్దుకుంది. ఇరవై ఏళ్లుంటాయేమో.

అవ్వ కొంగు తీసి పిల్లను చూపించింది. "బిడ్డా, పాలు గావాలె" అంది. అంతే అంది. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి. అడగడం ఎట్లాగో ఆమెకు తెలియదు.

జవాబు మంత్రసాని నుంచి వచ్చింది, గుడిసె తలుపులో నుంచి. "మేం గరీబోళ్లం పెద్దమ్మా. పిల్లను జూస్తె గిట్లున్నది. రేపు ఏమన్నయితె, వాడదాని పాలు తాగే సచ్చిందంటరు. అప్పుడు ఊళ్లె మేమెట్ల బతకాలె?"

అవ్వ వెనక్కి తిరిగింది. చుట్టూ వాకిళ్లలో జనం నిలబడి చూస్తున్నారు. మా వీధి నుంచి వెంట వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. గొంతు పెంచి అంది: "అందరు ఇనుండ్రి. ఈ పిల్ల బతికితె ఈ ఇంటి పాలతోని బతికినట్టు. సస్తె మా నసీబు. ఎవలన్న నోరు జారితె నాకు జవాబు చెప్పాలె."

కోడలు ఇంకా కదలలేదు. పిల్ల వైపే చూస్తోంది.

"ఇస్త పెద్దమ్మా. గని ఒక్క మాట. కొట్టంల కూసొని ఇయ్య. పిల్ల యాడుంటదో ఆడనే కూసొని ఇస్త."

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. ఎవరూ దాన్ని తిప్పలేదు.

"పా" అంది అవ్వ. "నీ కొడుకును గూడ ఎత్తుకో."

ఇంటికి వచ్చేసరికి మా గడపలో పెదనాయన నిలబడి ఉన్నాడు. సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది.

"ఏందమ్మా ఇది? ఇంట్లకు ఎవలెవల్ని తెస్తున్నవ్? నలుగురు ఏమనుకుంటరు?"

"నీకు పాలుంటె నువ్వియ్యి రా" అంది అవ్వ.

పెదనాయన పక్కకు జరిగాడు.

మంత్రసాని కోడలు గుమ్మి గదిలో అక్క కోసం వేసిన మంచం మీద కూర్చుంది. పిల్లను రొమ్ముకు ఆనించింది. పిల్ల నోరు తెరవలేదు. చనుమొన పెదవులకు రాసింది. లాభం లేదు, చప్పరించే శక్తి కూడా దానికి లేదు. అవ్వ ముఖం చూడలేక నేను కుంపటి వైపు తిరిగాను. అప్పుడామె తన కొడుకును రెండో వైపు పెట్టుకుంది. వాడు బొద్దుగా, ఆకలి మీద ఉన్నాడు. గబగబా లాగడం మొదలుపెట్టాడు. వాడు ఒక వైపు లాగుతుంటే రెండో వైపు పాలు వాటంతట అవే కారసాగాయి. చుక్క చుక్కగా పిల్ల నోట్లో పడ్డాయి. పిల్ల గొంతు కదిలింది. మళ్లీ కదిలింది.

"మింగుతున్నది" అంది ఆమె మెల్లగా, గట్టిగా అంటే ఆగిపోతుందేమో అన్నట్టు.

అవ్వ మంచం పక్కన నేల మీద కూలబడిపోయింది. అవ్వ కింద, ఆమె మంచం మీద. అప్పుడు ఆ గదిలో ఎవరికీ అది తోచలేదు. పెద్దయ్యాక నాకు తోచింది.

ఆ రోజు నుంచి ఆమె పొద్దున వచ్చి పొద్దుగూకేదాకా మా ఇంట్లోనే ఉండేది. పోతూ పోతూ ఉగ్గుగిన్నెలో పాలు పిండి ఇచ్చిపోయేది. మొదటి రోజే నేను ఆమెను పేరు పెట్టి పిలవబోతే అవ్వ నా నెత్తి మీద మొట్టికాయ వేసింది. "చిన్నమ్మ అను" అంది. అప్పటి నుంచి నాకు చిన్నమ్మే.

అక్క కోసం దాచిన తిండంతా చిన్నమ్మకు తిరిగింది. "పాలిచ్చేటోళ్లే తినాలె" అని అవ్వ తీర్మానించింది. వెల్లుల్లి దంచి వేసిన సోయకూర, వేడి జొన్నరొట్టె మీద నెయ్యి, మిరియాల చారు, రోజూ పొద్దున రెండు లడ్డూలు. చిన్నమ్మ ఒకటి తిని, రెండోది చీర మడతలో దాచి, అవ్వ అటు తిరిగినప్పుడు నా చేతిలో పెట్టేది. గుమ్మి ఎక్కే శ్రమ నాకు తప్పింది. చిన్నమ్మ కొడుక్కి పాలు తగ్గుతాయేమోనని అవ్వకు బెంగ. వాడికి రాగిజావ కాచి తానే ఒళ్లో వేసుకుని తాగించేది. వాడు అవ్వ ముక్కుపుడక పట్టుకుని లాగేవాడు.

మధ్యాహ్నాలు ఆ గదిలో భలే హాయిగా ఉండేది. కుంపటిలో వాము పొగ, పాల వాసన, నూనె వాసన. మంత్రసాని వచ్చి ఇద్దరు పిల్లలకూ నువ్వులనూనె రాసేది. ముగ్గురు ఆడవాళ్లూ ఎవరి కాన్పు ఎట్లా అయిందో చెప్పుకునేవారు. అవ్వకు పుట్టి పోయిన పిల్లలు ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. వాళ్ల ముచ్చట చెప్పేటప్పుడు ఆమె గొంతు మారేది కాదు, వేళ్లు మాత్రం పిల్ల చుట్టూ బిగుసుకునేవి. చిన్నమ్మ పిల్ల తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. అవ్వ దిష్టి తీసి ఉప్పు పొయ్యిలో వేసేది. ఒకరి పని అయ్యాక ఒకరు. "ఏ దేవుడైతేంది, ఇనేటోడు ఇనని" అనేది అవ్వ.

ఇట్లా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున చిన్నమ్మ రాలేదు. మంత్రసాని వచ్చి, పిల్లవాడికి జ్వరమని, ఒళ్లు కాలిపోతోందని, చలిలో తిప్పడానికి లేదని చెప్పింది. అవ్వ నన్ను ఉగ్గుగిన్నె ఇచ్చి పంపుతుందనుకున్నాను. ఆమె పిల్లను చీరలో కట్టుకుని, వాము, మిరియాలు, ఇంత బెల్లం మూట కట్టి, "ఆమె రాకపోతె మనం పోవద్దా?" అంది.

ఆ రోజంతా మేం వాళ్ల గుడిసెలోనే ఉన్నాం. చిన్నమ్మ కళ్లు వాచి ఉన్నాయి. కొడుకును వదల్లేదు, అట్లాగని పిల్లకు పాలివ్వడం మానలేదు. అవ్వ వాడి నుదుటి మీద తడిగుడ్డలు మార్చింది, కషాయం కాచి చెంచాతో పోసింది. నాకు తెలుసు, అవ్వకు భయంగా ఉంది. మా పిల్ల కోసం వాడి పాలు తీసుకున్నాం, వాడికేమైనా అయితే? ఆ మాట ఎవరూ అనలేదు. మధ్యాహ్నం దాటాక వాడికి చెమట పట్టి, జ్వరం దిగి, ఆకలని ఏడ్చాడు. వాడి ఏడుపు విని అందరం నవ్వాం.

అప్పుడు మంత్రసాని మాకు ఎదురుగా సత్తుపళ్లెం పెట్టింది. రెండు జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు. పెట్టిందిగాని, పెట్టి కాస్త దూరం జరిగి నిలబడింది. అవ్వ తినదని ఆమెకు నమ్మకం. నాకూ అదే నమ్మకం. అవ్వ రొట్టె తుంచి, తొక్కు అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు జర ఎక్కువైందే" అంది నములుతూ.

"నీకు ముసలితనమొచ్చింది పెద్దమ్మా, ఉప్పు సరిగ్గనే ఉన్నది" అంది మంత్రసాని. ఇద్దరూ నవ్వారు. నేను రెండో రొట్టె లాక్కున్నాను.

అక్క తిరిగి వచ్చేసరికి పొలాల్లో శనగ పీకుతున్నారు. నాయన బస్సులో నుంచి ఎత్తి దించాడు. పసుపు కొమ్ములా ఉంది, నడిస్తే ఆయాసం. జర ఆలస్యమైతే దక్కకపోయేదని డాక్టరమ్మ అన్నదట. గదిలోకి వచ్చి మంచం మీద చూసింది. పిల్ల బుగ్గలు వచ్చి, కళ్లు తెరిచి చూస్తోంది. అక్క దాన్ని ముట్టుకోవడానికి జంకింది.

"నాదేనా?" అని అడిగింది.

"నీదే అక్కా. నాకు జర అప్పిచ్చినవ్, అంతే" అంది చిన్నమ్మ.

అక్కకు పాలు ఎండిపోయాయి. ఇక రావని అమ్మ అంది. చిన్నమ్మ ఒప్పుకోలేదు. పిల్లకు తాను సగం కడుపు నింపి, మిగతా సగానికి అక్క రొమ్ముకు పెట్టించేది. పాలు లేకున్నా చప్పరించనిమ్మనేది. ఎన్నాళ్లకో ఒక పొద్దున అక్క రవిక తడిసింది. అక్క ఏడ్చింది. చిన్నమ్మ కూడా ఏడ్చింది. ఎవరిది ఏ ఏడుపో నాకు అప్పుడు తెలియలేదు. మర్నాటి నుంచి ఆమె రోజంతా ఉండడం మానేసింది.

తొట్టెల వేసిన రోజు పిల్లను మొదట తొట్టెలలో వేయడానికి అవ్వ చిన్నమ్మను పిలిచింది. కొందరు చుట్టాలు భోజనం చేయకుండానే వెళ్లిపోయారు. అవ్వ వాళ్లను ఆపలేదు. అట్లాగని మా అవ్వ పూర్తిగా మారిపోయిందని అబద్ధం చెప్పను. మిగతా కూలీలకు కొట్టంలో అన్నం పెట్టడం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు సాగింది. అమ్మ చేతికి ఇల్లు వచ్చాక గాని అది ఆగలేదు. కానీ చిన్నమ్మ వస్తే మాత్రం మంచం వాల్చేవారు. ఆమె కొడుకు మా అక్క కూతురికి అన్న అయ్యాడు. దాని పెళ్లిలో అన్న పెట్టే చీర అతనే పెట్టాడు. చిన్నమ్మ ఇప్పటికీ ఉంది. చూపు తగ్గింది, నా గొంతును మాత్రం గుర్తుపడుతుంది.

అక్కకు రెండో కాన్పు వచ్చినప్పుడు మంత్రసాని తానే వచ్చి చెప్పింది: "ఈసారి నన్ను పిలువకుండ్రి. నెల వడంగనే దవాఖానకు తోల్కపోండ్రి." అట్లాగే తీసుకుపోయాం. జహీరాబాదు దవాఖానలో మగపిల్లవాడు పుట్టాడు, ఏ గండమూ లేకుండా. అప్పటికి నేను పెద్దపిల్లను, అక్క దగ్గర తోడు ఉన్నాను.

పక్క మంచం మీద కోహీర్ వైపు నుంచి వచ్చిన ఒక చిన్నది. కాన్పు తర్వాత జ్వరం తగిలి పాలు పడలేదు. ఆమె బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. అత్తగారు ఆ పిల్లను భుజాన వేసుకుని మంచాల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. అక్క కాసేపు చూసింది. తన కొడుకును నాకు అందించి, లేచి కూర్చుని, రెండు చేతులూ చాపింది.

"పిల్లను ఇటియ్యి అమ్మా, నేను పాలిస్త."

ఆ ముసలామె ఆగింది. పిల్లను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "మీరేమిటోళ్లు బిడ్డా?" అని అడిగింది. కులం అడగడమే అది.

"పాలున్నోళ్లం" అంది అక్క. "తే అమ్మా, గొంతు పోతున్నది దానికి."

మంచం మీది నుంచి కోడలు నీరసంగా, "ఇయ్యి అత్తమ్మా" అంది. ముసలామె ఇచ్చింది. ఏడుపు ఆగింది.

ఆ పిల్ల ఎవరో, పేరేమి పెట్టారో నాకు తెలియదు. ఎక్కడో ఉండే ఉంటుంది, పిల్లల తల్లి కూడా అయి ఉంటుంది. తనకు ఆ పూట పాలిచ్చింది ఎవరో దానికి తెలియదు. అట్లా ఇవ్వడం మా అక్క ఎవరి దగ్గర నేర్చుకుందో అసలే తెలియదు. నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను.